వడ వేరు, ఉక్క వేరు

“కెనడాలో వడదెబ్బా? ఊరుకోరా, అక్కడ మంచు తప్ప ఏముంది!” అని ఫోన్లో మా అన్నయ్య పకపకా నవ్వాడు. ఆయన తప్పేం లేదు. ఇరవై ఏళ్ళుగా మేము పంపిన ఫోటోలన్నీ ఒకటే బాపతు. పార పట్టుకుని వాకిట్లో మంచు ఎత్తిపోస్తున్న నేను, ఉన్ని టోపీల్లో పిల్లలు, మంచుబొమ్మ ముక్కుకి కేరట్టు. జూలై నెలలో చొక్కా పిండుకుంటున్న ఫోటో ఒక్కటైనా పంపిన పాపాన పోలేదు.

మా వాటర్లూ వాళ్ళకి ఈ సంగతి కొత్త కాదు. జనవరిలో మైనస్ 20 చూపించిన వీధిలోనే జూలైలో గుమ్మం దాటగానే తడి దుప్పటి కప్పినట్టుంటుంది. థర్మామీటరు చూస్తే 31, 32. “ఇంతేనా, మా ఊళ్ళో అయితే 45!” అని మనవాళ్ళు మీసం మెలేస్తారు. నేనూ అలా మెలేసినవాణ్ణే. మాది పల్నాడు. ఎండల గురించి వార్తలొచ్చినప్పుడల్లా పేరు వినపడే రెంటచింతలకి కూతవేటు దూరంలో, గురజాల పక్కన మా ఊరు. నాకు ఎండ గురించి ఒకరు చెప్పేదేమిటి అనుకునేవాణ్ణి, 2024 జూన్ దాకా.

ఆ వేసవి మావాడు యూనివర్సిటీ ఆఫ్ వాటర్లూలో ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం పూర్తిచేశాడు. ఈ యూనివర్సిటీకి కో-ఆప్ అన్నది ప్రాణం. 1957లో పుట్టినప్పటినుంచీ కొన్ని నెలలు చదువు, కొన్ని నెలలు ఉద్యోగం అన్న పద్ధతి మీదే నడుస్తోంది. ఆ సంవత్సరం ఉద్యోగాలు సన్నగిల్లాయి. మావాడు పెట్టిన దరఖాస్తులు లెక్కలేదు, వచ్చిన ఇంటర్వ్యూలు మూడు, ఉద్యోగం సున్నా. ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం వచ్చి, “నాన్నా, ల్యాండ్‌స్కేపింగ్ కంపెనీలో పని దొరికింది. సోమవారం నుంచి వెళ్తున్నా” అన్నాడు.

మా ఆవిడ మొహం చూడాలి! “ఇంజినీరింగ్ చదువుతూ మట్టిపనా?” అంది. నేను పైకి గంభీరంగా ఉన్నాను గానీ, వచ్చే వారం అసోసియేషన్ పిక్నిక్‌లో “మీవాడికి కో-ఆప్ ఎక్కడ?” అని అడిగితే ఏం చెప్పాలా అని లోపల ఆలోచిస్తున్నాను. ఇంట్లో సంతోషించింది ఒక్క మా నాన్నగారే. మే నెల ఎండలు తప్పించుకుందామని మా దగ్గరికొచ్చారాయన. డెబ్భై ఆరేళ్ళు. “మట్టిపనికేందిరా? మన ఇంటో అందరూ మట్టిపనోళ్ళే గదా. మీ నాన్న చదివింది ఆ మట్టి డబ్బులతోనే” అని మనవడి భుజం తట్టారు.

పని కష్టమైనదే. పెరళ్ళలో గడ్డి చాపలు పరవడం, వాకిళ్ళకి ఇంటర్‌లాక్ రాళ్ళు పేర్చడం, వాటిని మిషన్‌తో కోయడం. ఉక్కు ముక్కున్న బూట్లు, నిండు పంట్లాం, పైన నారింజరంగు సేఫ్టీ వెస్ట్ తప్పనిసరి. మే నెలంతా హాయిగా గడిచింది. వాడి చేతులకి కాయలు కాశాయి. మా నాన్నగారు రోజూ సాయంత్రం ఆ కాయలు తడిమి చూసి మురిసిపోయేవారు.

జూన్ మూడో వారంలో ఎండ ముంచుకొచ్చింది. దక్షిణ ఒంటారియో అంతటికీ ఎన్విరాన్‌మెంట్ కెనడా హెచ్చరిక జారీ చేసింది. హ్యూమిడెక్స్ 40 దాటుతుందని రేడియోలో చెప్పారు. రెండో రోజు మధ్యాహ్నం నాలుగింటికి వాకిట్లో ట్రక్కు ఆగింది. తోటి పనివాడొకతను మావాణ్ణి చెయ్యి పట్టి దింపుతున్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. బట్టలు పిండితే బకెట్టు నిండేలా ఉన్నాయి. గుమ్మంలోనే వాంతి చేసుకున్నాడు.

మా ఆవిడ, నేను వాణ్ణి బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళి బూట్లు విప్పి, కాళ్ళ కింద దిండ్లు పెట్టి, తడిగుడ్డలు కప్పి ఫ్యాను పెట్టాం. నేను హెల్త్811కి ఫోన్ చేశాను. అవతలి నర్సు మొదట అడిగింది జ్వరం ఎంతుంది అని కాదు. “మాట సరిగా ఉందా? ఎక్కడున్నాడో, ఇవాళ ఏ వారమో చెప్పగలుగుతున్నాడా?” అని. అడిగితే చెప్పాడు, కాస్త విసుగ్గానే. “మాట తడబడినా, తికమకపడినా ఇంకేం ఆలోచించకుండా 911కి ఫోన్ చెయ్యండి, అంబులెన్స్ వచ్చేదాకా నీళ్ళు పోసి చల్లబరుస్తూనే ఉండండి” అంది. ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు, తర్వాత మజ్జిగ గుక్కగుక్కగా పట్టించాం. గంటకి తేరుకున్నాడు.

ఆ గంటసేపూ మా నాన్నగారు మెట్ల మీదే కూర్చుండిపోయారు. ఒక్క మాట లేదు. ఎందుకో నాకు తెలుసు. 2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణల్లో పదిహేను వందల మందికి పైగా ఎండకి చనిపోయారని పేపర్లు రాశాయి. ఆ లెక్కలో మా బాబాయి ఉన్నాడో లేడో గానీ, ఆ వారంలోనే పోయాడు. పొలం నుంచి వస్తూ దారిలో వేపచెట్టు కింద కూలబడ్డాడు. అప్పటికే మాట తడబడుతోందట. “ఎండకి కళ్ళు తిరిగినయిలే” అని ఇంటికి తెచ్చి పడుకోబెట్టారు. మోసుకొచ్చినవాళ్ళలో మా నాన్నగారు ఒకరు. నర్సు ఫోన్లో అడిగిన ప్రశ్న నేను పైకి చెబుతుంటే ఆయన తల వంచుకున్నారు.

మర్నాడు మా ఇంట్లో పార్లమెంటు సమావేశం జరిగింది. మా ఆవిడ “మానెయ్” అంది. వాడు “మానను, సెప్టెంబరు ఫీజులో సగం నేనే కడతానన్నాను” అన్నాడు. నేను ఇంజినీర్ని కదా, ఏ సమస్యకైనా ఏదో ఒక వస్తువు కొంటే సరిపోతుందని నా నమ్మకం. ఆ రాత్రే కంప్యూటరు ముందు కూర్చుని ఒంటిని చల్లబరిచే తొడుగుల కోసం వెదికాను. ఎన్ని రకాలో! మెడకు చుట్టుకునే తువ్వాళ్ళు, నీళ్ళలో ముంచి వేసుకునే వెస్టులు, ఐసు గడ్డలు పెట్టుకునేవి, ఫ్యాన్లు కుట్టిన జాకెట్లు, గొట్టాల్లో చల్లటి నీళ్ళు తిరిగే బనియన్లు. ఈ చివరిది అపోలో వ్యోమగాములు సూట్ లోపల వేసుకున్న రకం. రాళ్ళు మోసే మావాడికి అంత అక్కర్లేదని దాన్ని మాత్రం వెంటనే పక్కన పెట్టాను.

మా నాన్నగారు తన అనుభవంతో తేల్చేశారు. “తడిగుడ్డకు మించిందేముందిరా? మనూళ్ళో వట్టివేళ్ళ తడికల మీద నీళ్ళు చల్లితే ఇల్లంతా చల్లబడలా? కుండలో నీళ్ళెట్టా చల్లబడతయ్యి?” నాకూ సబబుగానే తోచింది. నీళ్ళలో ముంచి వేసుకునే వెస్టు కొన్నాను. లోపల నీళ్ళు పీల్చి పట్టుకునే పొర ఉంటుంది. పది నిమిషాలు బకెట్లో నానబెట్టి, పిండి వేసుకోవడమే. బ్యాటరీ లేదు, మెషిన్ లేదు, ధర కూడా తక్కువ.

రెండు రోజులు వేసుకుని మూడో రోజు మావాడు దాన్ని గరాజ్‌లో ఓ మూలకి విసిరేశాడు. “నాన్నా, ఇది వేసుకుంటే స్టీమ్ రూమ్‌లో ఉన్నట్టుంది. పొద్దున్న ఎంత తడిగా వేసుకున్నానో సాయంత్రం కూడా అంతే తడిగా ఉంది.”

నేను, మా నాన్నగారు మొహమొహాలు చూసుకున్నాం. తడిగుడ్డ పనిచెయ్యకపోవడమేమిటి? అప్పుడు వంటింట్లోంచి మా ఆవిడ అంది: “మీ ఇద్దరూ పల్నాడు వాళ్ళు. మీకు వడ తెలుసు గానీ ఉక్క తెలియదు. ఇక్కడిది మీ ఎండ కాదండీ, మా బందరు ఉక్కపోత. మా ఇంట్లో మే నెలలో ఆరేసిన తువ్వాలు మర్నాటికి కూడా చెమ్మగానే ఉండేది. తడిగుడ్డ కప్పుకుని ఎవరైనా చల్లబడ్డారా అక్కడ? సాయంత్రం సముద్రపు గాలి వీస్తేనే ప్రాణం లేచొచ్చేది.”

ఇన్నేళ్ళు ఇంజినీరింగ్ వెలగబెట్టిన నాకు తట్టని మాట బందరు అమ్మాయికి తట్టింది! మన భాషలో ఈ రెంటికీ వేర్వేరు మాటలు ఊరికే లేవు. వడగాలికి నీళ్ళంటే దాహం, తడి తగిలితే చాలు లాగేసుకుంటుంది. ఉక్కపోత గాలి అప్పటికే కడుపునిండా నీళ్ళు తాగి ఉంటుంది, మన చెమట తాగడానికి దానికి చోటు లేదు. చెమట పట్టడం వల్ల ఒళ్ళు చల్లబడదు, చెమట ఆరితేనే చల్లబడుతుంది. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్ళ వేడి తీసుకుపోతుంది. అదే లీటరు బొట్లు బొట్లుగా నేల మీద కారిపోతే దక్కేది దాదాపు ఏమీ లేదు. మావాడు ఆ రోజు ట్రక్కు దిగినప్పుడు కారుతున్నది అలా వృథా అయిన చెమటే.

వాటర్లూ చుట్టూ మొక్కజొన్న పొలాలు మీరు చూసే ఉంటారు. ఎల్మైరా వైపు డ్రైవ్ చేస్తే కనుచూపు మేర అవే. గల్ఫ్ ఆఫ్ మెక్సికో మీంచి తేమ మోసుకొచ్చే గాలికి నడివేసవిలో ఈ పంట ఆకులు వదిలే ఆవిరి కూడా తోడవుతుంది. ఈ ఉక్కకి కొలత కావాలనే కెనడా వాళ్ళు 1965లో హ్యూమిడెక్స్ మొదలుపెట్టారు. ఇప్పుడు వాడే లెక్క 1979లో మాస్టర్టన్, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు ఇక్కడి వాతావరణ శాస్త్రజ్ఞులు తయారుచేసినది. 40 దాటితే ఒళ్ళు వంచే పనులు తగ్గించుకోమంటారు, 45 దాటితే ప్రమాదం. 2007 జూలై 25న మానిటోబాలోని కార్మన్ అనే ఊళ్ళో ఇది 53కి చేరింది. థర్మామీటరు మాత్రం 34 దగ్గరే ఉంది. మనవాళ్ళు మీసం మెలేసేది ఆ 34 చూసే.

అంతటితో ఊరుకుంటే మా నాన్నగారు మా నాన్నగారు కాదు. “అయితే ఎంత తేడానో చూడాల్సిందే” అన్నారు. మా పదేళ్ళ పాప ముందుకొచ్చింది. పిల్లలూ, ఇది మీరు కూడా చెయ్యొచ్చు, అరగంట పని. ఒకే రకం థర్మామీటర్లు రెండు తీసుకోండి. ఒకదాని కొసకి నూలుగుడ్డ చుట్టి నీళ్ళతో తడపండి, రెండోదాన్ని పొడిగా వదిలెయ్యండి. రెంటినీ నీడలో పెట్టి విసనకర్రతో విసరండి. తడిది దిగడం ఆగిపోయాక రెండూ రాసుకోండి. జూలై మొదట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం మా పెరట్లో పొడిది 31, తడిది 25. తేడా ఆరు. మరుసటి సంవత్సరం మే నెలలో మా పాప పట్టుబట్టి గురజాలలో మా అన్నయ్య చేత ఇదే పని చేయించింది. అక్కడ పొడిది 42, తడిది 25. తేడా పదిహేడు! తడిగుడ్డకి ఉన్న శక్తి అంతా ఆ తేడాలోనే ఉంది. వాటర్లూకి ఆరు మార్కులు, గురజాలకి పదిహేడు. “తాతయ్యా, నువ్వు మీ ఊళ్ళో రైట్, ఇక్కడ రాంగ్” అని పాప తీర్పు చెప్పింది.

మా వెస్టు పనిచెయ్యకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది నా అజ్ఞానం. తడి వెస్టు అన్నిటికన్నా పైన ఉండాలి, గాలి తగలాలి. మావాడు దాని మీద సేఫ్టీ వెస్టు బిగించి, రెండిళ్ళ మధ్య గాలి ఆడని సందులో రాళ్ళు పేర్చాడు. గాలి తగిలే చోట అయితే వాటర్లూలోనూ కొంత నయంగానే ఉంటుంది. ఐరన్ హార్స్ ట్రెయిల్ మీద సైకిలు తొక్కేటప్పుడు మెడకి తడి తువ్వాలు చుట్టుకుంటే నాకు హాయిగానే ఉంది. అది సైకిలు పుట్టించే గాలి మహిమ.

ఇక ఐసు సంగతి. ఐసు వెస్టులకి పెద్ద పేరుంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా పడవ పోటీల జట్టు వాడింది. 2004 ఏథెన్స్ మారథాన్‌లో కాంస్యం గెలిచిన డీనా కాస్టర్ కూడా పరుగుకి ముందు వేసుకుంది. ముందు అన్న మాట గమనించండి. పోటీ మొదలయ్యే ముందు ఒళ్ళు చల్లబరుచుకుని, తీసేసి పరిగెత్తారు. రోజంతా పనిచేసేవాడి సంగతి వేరు. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ళు పడుతుంది, బాగానే ఉంది. కానీ సున్నా డిగ్రీల గడ్డ ఒంటికి ఆనితే చర్మం కందిపోతుంది, పైగా అక్కడి రక్తనాళాలు ముడుచుకుపోయి లోపలి వేడి బయటికి రాదు. మావాడు మా ఫ్రీజర్లోంచి బఠాణీల ప్యాకెట్లు తీసి బనియన్లో పెట్టుకుని చూశాడు. అరగంటలో పొట్ట మీద ఎర్రటి మచ్చ, సాయంత్రం మాకు బఠాణీల కూర.

ఫ్యాను జాకెట్ల కథ నాకు బాగా నచ్చింది. జపాను వేసవి కూడా మన బందరు లాంటిదే, ఉక్కపోత. సోనీలో పనిచేసి బయటికొచ్చిన ఇచిగాయా హిరోషి అనే ఇంజినీరు నడుం దగ్గర రెండు చిన్న ఫ్యాన్లు పెట్టిన చొక్కా తయారుచేశాడు. 2004లో దానికోసం కంపెనీ పెట్టాడు. ఇప్పుడక్కడ భవన నిర్మాణ కార్మికుల ఒంటి మీద అది మామూలు దృశ్యం. అది గాలిని చల్లబరచదు. ఒంటికీ బట్టకీ మధ్య ఇరుక్కున్న తడిగాలిని తరిమేసి కొత్త గాలి తెస్తుంది, అంతే. బందరు సముద్రపు గాలి చేసే పని అదే. అందుకని కొలత కొంచెం వదులుగా ఉండాలి, నడుం దగ్గర బిగుతుగా ఉండి మెడ దగ్గర గాలి బయటికి పోవాలి. అయితే గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను మేలు చెయ్యదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే గురజాల మే నెలకి ఇది పనికిరాదు. (ఆ ఎండల్లో నిలబడే వాళ్ళ కోసం హైదరాబాదులో జార్ష్ అనే కంపెనీ తల చల్లబరిచే హెల్మెట్లు చేసింది. మనవాళ్ళ బుర్ర బుర్రే.)

ఒకటి తెప్పించాను. మావాడు వేసుకునే లోపే మేస్త్రీ వద్దన్నాడట, సరైన కారణంతోనే. రాళ్ళు కోసేటప్పుడు లేచే దుమ్మునంతా ఆ ఫ్యాన్లు లోపలికి లాగి మొహం మీదికి ఊదుతాయి. రాతిదుమ్ము ఊపిరితిత్తులకి విషం. ఎండ నుంచి కాపాడబోయి ఇంకోదాంట్లో పడేసేవాణ్ణి. దాంతో ఆ జాకెట్టు మా నాన్నగారి పాలయింది. పెరట్లో బీరపాదుకీ గోంగూరకీ నీళ్ళు పోస్తూ స్విచ్ నొక్కేసరికి ఆయన పూరీలా పొంగారు. పక్కింటి పిల్లలు కంచె దగ్గర చేరి చప్పట్లు. “ఇదేందిరా, నన్ను బెలూన్ జేశావు” అన్నారే గానీ, సెప్టెంబరు దాకా విప్పలేదు.

చివరికి మావాడికి కుదిరింది మరో రకం. చూడటానికి ఐసు ప్యాకెట్లలాగే ఉంటాయి గానీ లోపల ఉండేది నీళ్ళు కాదు, మైనం లాంటి పదార్థం. నీళ్ళు సున్నా దగ్గర గడ్డకడితే, మేం కొన్నది 15 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. అందుకని చర్మాన్ని కొరకదు, కరిగేదాకా అదే 15 దగ్గర నిలకడగా ఉంటుంది. కరిగాక ఐసునీళ్ళ డబ్బాలో అరగంట ముంచితే మళ్ళీ గట్టిపడుతుంది. గాలిలో తేమతో దీనికి సంబంధమే లేదు. సేఫ్టీ వెస్టు కింద వేసుకున్నా ఇబ్బంది లేదు, పైగా మేలు. ఒంటికి ఆని ఉండాలి కాబట్టి కొలత బిగుతుగా ఉండాలి. వంగినప్పుడు కిందికి జారకుండా పక్కల పట్టీలు ఉండాలి. రెండు జతల ప్యాకెట్లు ఉండాలి, ఒకటి ఒంటి మీద, ఇంకోటి ట్రక్కులో డబ్బాలో. మొత్తం రెండువందల డాలర్ల పైమాటే. బరువు రెండు కిలోలు.

కొన్నాక లెక్క వేసి చూశాను, వెయ్యకుండా ఉండాల్సింది. ఆ పదార్థం కిలోకి సుమారు 200 కిలోజౌళ్ళు పీలుస్తుంది, రెండు కిలోలకి 400. రెండు గంటలకి పైగా వస్తుందంటే సెకనుకి సుమారు 50 జౌళ్ళు తీసుకుంటుందన్నమాట. రాళ్ళు మోసే మనిషి ఒంట్లో పుట్టే వేడి సెకనుకి 400 దాకా ఉంటుంది. అంటే ఎనిమిదో వంతు! మిగతా ఏడు వంతులు ఆ పిల్లవాడి చెమట, నీడ, విశ్రాంతి చూసుకోవాలి. అమ్మేవాళ్ళ బొమ్మల్లో ఆ వెస్టు వేసుకున్నవాడు ఎండలో నవ్వుతూ నిలబడి ఉంటాడు. ఎనిమిదో వంతు గురించి ఎక్కడా రాయలేదు.

ఈ లెక్క మావాడికి చూపించాను. మా నాన్నగారికి లెక్క అక్కర్లేకపోయింది. “ఏప్రిల్ దాకా ఏసీ లైబ్రరీలో కూకున్నోడు, మే అంతా చల్లగా గడిచె. ఎండ ఒక్కసారి మీదబడితే ఒళ్ళేమయిపోద్ది? కోడెను కూడా మొదటి రోజే నాగలికి కట్టి పొద్దుగూకేదాకా దున్నించం గదా” అన్నారు. డాక్టర్లు చెప్పేదీ అదే, ఒళ్ళు ఎండకి అలవాటు పడటానికి వారం, రెండు వారాలు పడుతుంది. సీజనులో మొదటి ఎండే ఎక్కువమందిని పడగొడుతుంది. ఒంటారియో చట్టంలో ఇన్ని డిగ్రీలు దాటితే పని ఆపాలన్న అంకె లేదు. పనివాళ్ళ రక్షణకి యజమాని తగిన జాగ్రత్తలన్నీ తీసుకోవాలని మాత్రం ఉంది. మావాడు వెళ్ళి మేస్త్రీతో మాట్లాడాడు. నేను మాట్లాడతానంటే “వద్దు నాన్నా, పరువు పోతుంది” అన్నాడు. బరువు పనులు పొద్దున పదకొండు లోపల చేసుకుని, హ్యూమిడెక్స్ 40 దాటిన రోజు గంటకోసారి నీడలో కూర్చునేలా ఒప్పందం కుదిరింది. ట్రక్కులో వాడి ఐసుడబ్బా పక్కన ఇంకో ముగ్గురి డబ్బాలు చేరాయి.

టోపీ కథ ఒక్కటి చెప్పి ముగిస్తాను. సెయింట్ జేకబ్స్ సంతకి మా నాన్నగారిని తీసుకెళ్ళాం. గుర్రపుబగ్గీల్లో వచ్చే మెన్నోనైట్ రైతుల్ని ఆయన కళ్ళార్పకుండా చూశారు. వెడల్పాటి గడ్డి టోపీ, వదులు చొక్కా, నిండు చేతులు. మా ఊళ్ళో తలగుడ్డ, పంచె, వదులు బనియను. “వీళ్ళకి తెలుసురా” అన్నారు. అక్కడే ఒక గడ్డి టోపీ బేరమాడకుండా కొన్నారు. ఆయన బేరమాడకుండా కొనడం నా జన్మలో అదే చూడటం.

ఆగస్టు చివరిదాకా మావాడు పని చేశాడు. సెప్టెంబరు ఫీజులో సగం కాదు గానీ మూడోవంతు కట్టాడు. పిక్నిక్‌లో ఎవరో అడగనే అడిగారు. మా ఆవిడే చెప్పింది, “ల్యాండ్‌స్కేపింగ్ చేశాడండీ. మా వాకిలి కూడా వాడే వేశాడు, వచ్చి చూడండి” అని.

అక్టోబరులో మా నాన్నగారు తిరుగు ప్రయాణం అవుతూ గరాజ్‌లో మూలపడ్డ ఆ తడి వెస్టుని దులిపి పెట్టెలో సర్దుకున్నారు. “నాన్నా, అది పనిచెయ్యదు కదా” అంటే, “ఈడ పనిచెయ్యదు” అన్నారు. తర్వాతి ఏప్రిల్లో ఒక రాత్రి ఫోన్ చేశారు. మిరప కల్లాంలో కాయలు ఏరించే పనిలో ఉన్నారట, పైన అదే వెస్టు.

“ఎలా ఉంది నాన్నా?”

“గంటకల్లా ఆరిపోతందిరా. మళ్ళా ముంచాల్సొస్తంది. ఒళ్ళు మాత్రం కుండలో నీళ్ళలాగుంది. పనికొచ్చే ఆడోళ్ళు తలా కాసేపు వేసుకుని చూశారు, ఇయ్యమంటే ఇయ్యట్లా. నువ్వొచ్చేటప్పుడు ఇంకో నాలుగు తీసుకురా. చిన్న కొలతలయ్యి.”